సేనాపతి, మా నాయన, ఇతర ఖర్చులు

బ్యాంకు ఆఫీసరు సినిమా గురించి వ్రాయడమేమిటని మీరనుకోవచ్చు. ముప్పై ఏళ్లుగా వడ్డీ లెక్కలు చూసిన కళ్లకు సినిమాలోనూ లెక్కలే కనబడతాయని ముందే మనవి చేసుకుంటున్నాను.

మేము హోసూరు మూకండపల్లిలో ఉంటాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, అత్తిబెలె దాటితే కన్నడం. అందుకని మా ఇంట్లో ఏ సినిమా ఏ భాషలో చూడాలన్నది ఒక పంచాయితీ. 2024 జూలై 12న ‘భారతీయుడు 2’ విడుదలైనప్పుడూ అదే జరిగింది. నా భార్య తెలుగులోనే చూస్తానంది. మా అమ్మాయి, ‘తీసింది తమిళంలో గదా నాన్నా, అసలు గొంతుతోనే చూద్దాం’ అంది. చివరికి హోసూరులో తమిళంలో చూశాం. మరుసటి నెల ఇంట్లో టీవీ ముందు కూర్చుని తెలుగులోనూ చూశాం. కమల్‌హాసన్‌కు ఏళ్ల తరబడి తెలుగు గొంతు అరువిచ్చిన బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబరులో వెళ్లిపోయారు. ముసలాయన నోరు తెరిచినప్పుడల్లా నా భార్య, ‘ఇది బాలు గొంతు కాదు’ అంటూనే ఉంది.

అమెరికా వాళ్లకు సూపర్‌మాన్, బాట్‌మాన్ ఉన్నారు. 1980లో మన రామారావు గారూ సూపర్‌మాన్ వేషం కట్టారు. నా మటుకు నాకు సూపర్‌మాన్ అంటే సేనాపతే. ఎగరడు, దుప్పటి కప్పుకోడు. తెల్లజుట్టు ముసలాయన రెండు వేళ్లతో ఎంతటివాణ్ణయినా కూలదోస్తాడు. ఒకప్పుడు నేతాజీ సైన్యంలో పనిచేసినవాడు. 1996 మేలో శంకర్ తీసిన ఆ మొదటి సినిమాకు కమల్‌హాసన్‌కు జాతీయ అవార్డు వచ్చింది.

ఆ సినిమా నేను మా నాయనతో కలిసి హోసూరులోనే చూశాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు, బ్యాంకులో కొత్తగా చేరినవాణ్ణి. మా నాయన బాగలూరు వైపు రైతు. ఆ యేడు బోరుకు కరెంటు కనెక్షన్ కోసం తొమ్మిది నెలలు తిరిగాడు. చేయి తడిపితే వారంలో పని అవుతుందని ఊరంతా చెప్పింది. ఆయన తడపలేదు. ఎండాకాలంలో టమాటా తోట నిలువునా ఎండిపోయింది. మా చెల్లెలి పెండ్లి ఒక సంవత్సరం వెనక్కి జరిగింది.

ఆసుపత్రి ఘట్టం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. కాలిన ఒంటితో కూతురు పడి ఉంటుంది, లంచమిస్తే గాని వైద్యం జరగదు, సేనాపతి ఇవ్వనంటాడు. కొడుకు కాళ్లావేళ్లా పడతాడు. పిల్ల చనిపోతుంది. ఆ కొడుకే తరువాత బ్రేక్ ఇన్‌స్పెక్టరై, బ్రేకులు సరిగా లేని బస్సుకు లంచం పుచ్చుకుని సర్టిఫికెట్ ఇస్తాడు. బడిపిల్లలు చనిపోతారు. చివరకు కన్నతండ్రే వాణ్ణి పొడిచి చంపుతాడు. హాలంతా ఈలలు. నేనూ వేశాను.

తిరిగి వస్తూ దారిలో మా నాయన ఒక్క మాటన్నాడు. ‘ఆ డబ్బేదో కట్టి ఉంటే పిల్ల బతికేది గదరా.’

నాకు ఒళ్లు మండింది. ‘నువ్వే ఇట్లంటే ఎట్ల నాయనా? నువ్వు కట్టినావా?’ అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. ఎండిన తోట, ఆగిన పెండ్లి ఆయన కళ్ల ముందు ఉన్నాయని అప్పుడు నాకు తోచలేదు. కనెక్షన్ ఆ దసరాకు వచ్చింది, పైసా ఇవ్వకుండానే. 2003లో ఆయన పోయారు.

ఇక రెండవ భాగం సంగతి. ఇరవై ఎనిమిదేళ్ల తరువాత పాత చుట్టం వస్తున్నాడంటే వాకిట్లో ఎదురుచూసినట్లు ఎదురుచూశాను. వచ్చింది పాత చుట్టమే, కాని మాటలు ఎక్కువైనాయి. లెక్క వేస్తే సేనాపతికి నూరేళ్లు దాటి ఉండాలి. ఆ వయసులో ఒంటిచక్రం బండి మీద దౌడు తీయిస్తే నవ్వాలో దండం పెట్టాలో తెలియదు. రెహమాన్ బదులు అనిరుధ్ సంగీతం. కుర్రవాళ్లకు నచ్చిందేమో, నా చెవులు మాత్రం పాత పాటల కోసమే వెతుక్కున్నాయి. మూడు గంటల నిడివి జనానికీ బరువయింది. విడుదలయ్యాక కొన్ని నిమిషాలు కత్తిరించారు. చివర్లో మూడవ భాగం తునకలు కూడా చూపించారు. ఇది మా భాషలో చెప్పాలంటే వడ్డీ కట్టమంటే అప్పును పొడిగించినట్లు.

ఒక్కచోట మాత్రం కళ్లు చెమర్చాయి. సి.బి.ఐ. అధికారిగా నెడుముడి వేణు, ఇంకో పాత్రలో వివేక్ తెర మీద కనబడ్డారు. ఇద్దరూ 2021లోనే పోయారు. ఈ సినిమా సెట్టు మీద 2020 ఫిబ్రవరిలో క్రేను కూలి ముగ్గురు మరణించారు కూడా. ఇన్నేళ్లు సాగిన సినిమాలో ఇందరు పోయినవాళ్ల నీడ ఉంది. దాన్ని ఎగతాళి చేయబుద్ధి కాదు.

నా అసలు ఫిర్యాదు వేరే. ఈసారి సేనాపతి తైపే నుండి వచ్చి కుర్రకారుకు, ‘ముందు మీ ఇల్లు శుభ్రం చేసుకోండి’ అంటాడు. వాళ్లు సొంత తల్లిదండ్రుల అవినీతినే బయటపెడతారు. సిద్ధార్థ్ పాత్ర తండ్రి అవినీతి నిరోధక శాఖలోనే ఉంటూ లంచాలు తింటున్నాడని తేలుతుంది. కొడుకు పట్టిస్తాడు. తల్లి ఉరేసుకుంటుంది. నిన్న జేజేలు కొట్టినవాళ్లే ముసలాయన్ని పొమ్మంటారు. మొత్తం సినిమాలో గట్టి సరుకు ఇదే, దీన్ని పట్టుకుని ఉంటే ఇంకో ‘భారతీయుడు’ అయ్యేది. కాని ఈ ఖర్చంతా ఎవరి ఖాతాలో పడింది? మొదటి సినిమాలో ఖాతా తాతదే. కూతురు పోయింది ఆయనకు, కొడుకు పోయింది ఆయనకు. అందుకే ఆయన ఎవరిని శిక్షించినా చెల్లింది. రెండవ దానిలో ఆయన సలహా ఇచ్చి చక్రం బండెక్కి వెళ్లిపోయాడు, తల్లి పోయింది కుర్రవాడికి. నేను బి.కాం. చదివినవాణ్ణి, ఒక పక్క పద్దు వ్రాసి రెండో పక్క ఖాళీ వదిలితే నాకు నిద్ర పట్టదు.

ఇదంతా కారులో ఇంటికి వస్తూ గట్టిగానే చెప్పాను. మా అమ్మాయి వెనక సీటులోంచి, ‘నాన్నా, మన ఇంటికి ఇచ్చావా?’ అంది.

ఇప్పుడుంటున్న ఇల్లు 2011లో కట్టాం. ఇటుక, సిమెంటు, కమ్మీ, కూలి అన్నీ ఒక పొడుగు నోటుపుస్తకంలో వ్రాశాను. ప్లాను అనుమతి ఆలస్యమవుతోందని, బ్యాంకు అప్పు మొదటి వాయిదా మొదలైందని, వానలు దగ్గర పడ్డాయని, మేస్త్రీ చెప్పిన బ్రోకరు చేతిలో పద్ధెనిమిది వేలు పెట్టాను. ఆ డబ్బు ఎవరికి చేరిందో అడగలేదు. పుస్తకంలో ‘ఇతర ఖర్చులు – 18,000’ అని వ్రాసుకున్నాను. అబద్ధం వ్రాయలేదు, నిజమూ వ్రాయలేదు. మేమే గదా రోజూ ఆడిట్ చేయించుకునేది! అవినీతి నిరోధక చట్టం ప్రకారం మేమూ ప్రభుత్వ సేవకులమే. 2016లో సుప్రీంకోర్టు ప్రైవేటు బ్యాంకుల అధికారులనూ అదే గాట కట్టింది. బల్లకు ఆవలి పక్కన కూర్చున్నప్పుడు టీ కూడా ముట్టనివాణ్ణి, ఈవల పక్క నిలబడేసరికి బ్రోకరును పట్టుకున్నాను.

‘ఇచ్చాను’ అన్నాను.

అమ్మాయి కోప్పడలేదు. ఫోనులో ఏదో వెతికి, 2018 సవరణ తరువాత ఇచ్చినవాడిదీ నేరమేననీ, బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాలనీ చదివి వినిపించింది. ‘నాది అంతకు ముందు సంగతిలేమ్మా’ అన్నాను. అన్న తరువాత ఆ మాట నాకే బాగాలేదు. నా భార్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. 1996లో మా నాయన ఎందుకు జవాబు చెప్పలేదో నాకు ఆ రాత్రి అర్థమైంది. ఇవ్వనివాడు ఇచ్చి ఉంటే బాగుండునని బాధపడ్డాడు. ఈలలు వేసినవాడు ఇచ్చేశాడు.

‘లైసెన్స్–పర్మిట్ రాజ్యం’ అనే మాటను వాడుకలోకి తెచ్చిన రాజాజీ పుట్టింది ఇక్కడే, హోసూరు పక్కన తొరపల్లిలో. ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లు వెళ్లానో. ఎప్పుడూ ఆయన మాట గుర్తుకు రాలేదు, ఈ మధ్య వస్తోంది.

బాగలూరు పొలం పట్టా ఇంకా మా నాయన పేరునే ఉంది. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటినా మార్పించలేదు. బ్రోకరు లేకుండా తిరగాలంటే భయం, బ్రోకరు దగ్గరికి వెళ్లాలంటే సిగ్గు. సినిమా చూసి వచ్చాక మా అమ్మాయి, ‘నేను చేయిస్తాను, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా’ అని దరఖాస్తు పెట్టింది. ఇంతవరకు రెండుసార్లు ఏదో కాగితం తక్కువని తిప్పి పంపారు. నిజంగానే తక్కువైంది కూడా, నేను వెతికి ఇచ్చాను. ఇంటి లెక్కల పుస్తకం బీరువాలోంచి తీసి, ఆ ‘ఇతర ఖర్చులు’ పక్కన ఆ డబ్బు దేనికో స్పష్టంగా వ్రాసి సంతకం పెట్టాను. పదమూడేళ్ల సిరాకూ కొత్త సిరాకూ రంగు కలవలేదు.

సోమవారం మూడవసారి వెళ్లాలి. ఈసారి నన్నూ రమ్మంది. సెలవు చీటీ వ్రాసి పెట్టాను.