వేళ్ళకి ఎన్ని సైగలు నేర్పాలి?

మన ఐటీ జనాల్లో రెండు రకాలున్నారు. ల్యాప్‌టాప్ ఎలా వస్తే అలాగే వాడేసేవాళ్ళు, వచ్చిన రోజే సెట్టింగులన్నీ తిరగేసేవాళ్ళు. నేను రెండో రకం :)

విండోస్ 11లో టచ్‌ప్యాడ్ సెట్టింగుల్లోకి వెళ్ళి అడ్వాన్స్‌డ్ జెశ్చర్స్ తెరిస్తే, మూడు వేళ్ళ సైగకీ నాలుగు వేళ్ళ సైగకీ మనకి కావల్సిన కీబోర్డు షార్ట్‌కట్ తగిలించుకోవచ్చు. మాక్ వాళ్ళకి బెటర్‌టచ్‌టూల్ ఉండనే ఉంది. ఇంతకీ ప్రశ్న ఏంటంటే, ఎన్ని తగిలించుకోవాలి?

ముందు వేగం లెక్క చూద్దాం. ఒక్కో సైగ 2 సెకన్లు మిగిల్చిందనుకోండి, రోజుకి 200 సార్లు వాడామనుకోండి. మొత్తం 400 సెకన్లు. అంటే 7 నిమిషాలు కూడా కాదు, ఓ టీ తాగే టైం. పైగా చేతులు కీబోర్డు మీదుంటే ఆల్ట్+ట్యాబే త్వరగా అవుతుంది. సైగ పనికొచ్చేది చెయ్యి ఎలాగూ టచ్‌ప్యాడ్ మీదే ఉన్నప్పుడు, అంటే కోడ్ రివ్యూలో, మీటింగుల్లో. అక్కడ మిగిలేది టైం కాదు, ధ్యాస. "ఇది మూడు వేళ్ళా, నాలుగా?" అని ఒక్క క్షణం తడుముకున్నా ఆ లాభం కాస్తా పోయినట్టే.

ఈ విషయంలో నాకు నచ్చిన పద్ధతి సాఫ్ట్‌వేర్ వాళ్ళది కాదు, మా పక్కూరిది. నేను ఇంటి నుంచి పనిచేసేది జ్యోతినగర్‌లో, పక్కనే గోదావరిఖని, సింగరేణి బాయిలు. భూగర్భ గనుల్లో బొగ్గు టబ్బుల్ని లాగే హాలేజీకి, మనుషుల్ని దింపే కేజ్‌కి గంటలతోనే సైగలు. ఎన్ని గంటలకి ఏం అర్థమో 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల్లోనే రాసిపెట్టారు. నడుస్తున్నప్పుడు ఒక్క గంట మోగితే అర్థం ఒకటే: ఆపు.

మా మేనమామ హాలేజీ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆపడానికి ఒక్క గంటే ఎందుకని అడిగితే, "ఆపదల ఉన్నోడు ఎన్ని గంటలు కొట్టాల్నో లెక్కలేస్కుంటడా అల్లుడా? ఒక్కటి మోగిందంటే ఆగాలె, అంతే" అన్నాడు.

యూజర్ ఇంటర్‌ఫేస్ గురించి ఇంతకన్నా బాగా చెప్పినవాళ్ళని నేను చూళ్ళేదు. అన్నిటికన్నా తొందరగా కావల్సిన పనికి అన్నిటికన్నా తేలికైన సైగ. అక్కడ ప్రాణాలు. మనకైతే మహా అయితే పరువు. స్క్రీన్ షేర్ చేస్తుండగా జీతం స్లిప్పు తెరుచుకుంటే తెలుస్తుంది దాని విలువ!

అందుకే నా దగ్గరున్నవి మూడే. మూడు వేళ్ళతో కిందికి లాగితే అన్నీ దాక్కుని డెస్క్‌టాప్ మిగులుతుంది, అదే నా "ఒక్క గంట". పైకి లాగితే తెరిచినవన్నీ కనిపిస్తాయి. పక్కకి లాగితే ఇంకో అప్లికేషన్. నాలుగు వేళ్ళ సైగలన్నీ తీసేశాను. మైక్ మ్యూట్‌కి సైగ పెట్టలేదు, ఎందుకంటే మ్యూట్ చేసే సైగే మ్యూట్ తీసేస్తుంది కూడా. ఇక పంపడం, మూసెయ్యడం, డిలీట్ చెయ్యడం లాంటివి పొరపాటున వేలు తగిలితే జరిగే పనులు కాకూడదు. వాటికి నాలుగు కీలు నొక్కాల్సొచ్చినా నష్టం లేదు.

మీ ల్యాప్‌టాప్‌లో "ఆపు" అనే సైగ ఏదో ఓసారి చూసుకోండి. అసలు ఉందో లేదో కూడా.