చీనీ మహల్‌లో తానీషా

గోల్కొండ కోటకు వెళ్లిన తెలుగువాళ్లు రామదాసు బందిఖానా చూడకుండా రారు. గోడమీది రాముడికి దండం పెట్టుకుని మరీ వస్తారు. ఆయన్ని అందులో పెట్టించిన గోల్కొండ రాజు తానీషాను ఆ తర్వాత ఎక్కడ పెట్టారో చూద్దామనే నేను దౌలతాబాద్ వెళ్లాను.

ఔరంగాబాద్ నుంచి ఎల్లోరా పోయే దారిలో ఉందీ కోట. చాంద్ మినార్ దగ్గర ఫొటోలు దిగే జనాన్ని తప్పించుకుని మెట్లెక్కితే, పైకోట మొదట్లోనే తానీషాను బంధించిన చీనీ మహల్. పేరుకే మహల్, మిగిలినవి మొండిగోడలు. నీలం, తెలుపు పింగాణీ పలకల ముక్కలు మాత్రం ముందుగోడకు అక్కడక్కడా అతుక్కుని ఉన్నాయి. కొన్నిటి మీద రంగు ఇంకా నిగనిగలాడుతోంది. పక్క బురుజు మీద పొట్టేలు తల ఫిరంగి. దానిమీద ఔరంగజేబు బిరుదులు చెక్కి ఉన్నాయి. ఖైదీకి రోజూ కనబడాలనే పెట్టారా అనిపించింది.

1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా గోల్కొండ లొంగలేదు. వానలు, కరువు, రోగాలు మొగలుల్నే పీల్చి పిప్పిచేశాయి. చివరికి కోటలోని సర్దారు అబ్దుల్లాఖాన్ పన్నీ లంచం తిని, సెప్టెంబరులో ఒక రాత్రి దిడ్డి తలుపు తీశాడు. పట్టుకోవడానికొచ్చిన మొగలు సర్దార్లను తానీషా మర్యాదగా కూర్చోబెట్టి, వేళయిందని భోజనం తెప్పించుకుని తిన్నాడట. ఇలాంటప్పుడు ముద్ద ఎలా దిగుతోందని అడిగితే, ఇచ్చిన దేవుడే తీసుకుంటున్నాడు, ఏడుపెందుకు అన్నట్టు జవాబిచ్చాడని ఖాఫీ ఖాన్ రాశాడు. మొగలుల కొలువు మనిషి రాసిన మాట కాబట్టి నాకు నమ్మబుద్ధేసింది.

కానీ నా లెక్కలో ఆయన పతనం అంతకుముందే అయిపోయింది. రాజ్యాన్ని నడిపించిన అక్కన్న, మాదన్నలను గోల్కొండ వీధిలో నరికి చంపుతుంటే కాపాడుకోలేకపోయాడు. ఆ తర్వాత కోట గోడలు నిలబడ్డాయంతే.

మెట్ల మీద కలిసిన కరీంనగర్ పెద్దాయనకు ఇదంతా చెబితే, "రామదాసు ఉసురు తగిలింది సార్" అన్నాడు. కూచిపూడి భాగవతులకు అగ్రహారమిచ్చింది కూడా ఈయనేనంటారు కదా అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. రామదాసు చెర పన్నెండేళ్లని మనం చెప్పుకుంటాం. తానీషా కూడా ఇంచుమించు అంతకాలమే ఇక్కడ ఉండి, ఖైదులోనే పోయాడు.

గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల తోటలో ఆఖరి రాజైన ఆయనకు చోటు దక్కలేదు. ఖుల్దాబాద్‌లో పూడ్చారు. 1707లో చనిపోయిన ఔరంగజేబు గోరీ కూడా ఆ ఊళ్లోనే ఉంది. ఎల్లోరాకు బస్సు కట్టించుకుని వెళ్లే మనవాళ్లు చాంద్ మినార్ దగ్గరే వెనక్కి తిరగకండి. ఇంకాస్త పైకెక్కండి, చీనీ మహల్ అక్కడే ఉంది.