శబరి ఒడ్డున ఒక ఛాయాచిత్రం

విద్యుత్ లైను సర్వే నిమిత్తం ఛత్తీస్‌గఢ్‌లోని దోర్నపాల్‌లో మేము మూడు వారాలు మకాం చేయవలసి వచ్చింది. సుక్మా నుండి కుంటకు పోయే రహదారిపై ఉన్న చిన్న ఊరది. చెంతనే శబరి నది. ఆవలి గట్టు ఒడిశా. ఆ నీరే దిగువకు సాగి కూనవరం వద్ద మన గోదావరిలో కలుస్తుంది. అంగడిలో తెలుగు మాట వినబడితే స్వస్థలం దాపున ఉన్నట్లే తోచేది.

మాకు వంట చేసిపెట్టిన కోయ పెద్దాయన 2005 తరువాతి అలజడిలో భార్యతో సహా ఊరు విడిచి ఇక్కడి శిబిరానికి చేరినవాడు. ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో ఒక్కటీ లేదట. తీసిపెట్టమని మొహమాటపడుతూ అడిగాడు.

ఒక మధ్యాహ్నం వారిని రేవు దగ్గర చెట్టునీడన నిలబెట్టి, మా డిజిటల్ కెమెరాను ఆటోలో ఉంచి మీట నొక్కాము. ఇసుక, నీరు దివ్యంగా వచ్చాయి. మనుషులు మాత్రం రెండు నల్లని ఆకారాలు! ఆమె నుదుటి పచ్చబొట్టు జాడే లేదు.

"మేం నల్లోళ్ళమే గదయ్యా, మిషను ఏం జేస్తది?" అని ఆమె నవ్వింది.

మీటర్ల మధ్యనే జీవితం గడిపిన మాకు ఆ నవ్వు ముల్లులా గుచ్చుకున్నది. లోపం ఆమె మేనిఛాయలో లేదు. ఎదుటి దృశ్యం సగటున, తనపై పడిన వెలుగులో సుమారు 18 శాతాన్ని తిరిగి పంపే బూడిదరంగుదని భావించి కెమెరా మీటరు లెక్క కడుతుంది. వెనుక ఎండలో మెరిసే ఇసుకను చూచి, వెలుగు మితిమీరినదని షట్టరును సెకనులో 1000వ వంతుకు కుదించింది. ఫోటో ఎవరి కోసమో దానికేమి తెలుసు! (మన ఆఫీసు నివేదికలలోని సగటులూ ఇంతే.)

మాన్యువల్‌కు మారాము. అపర్చరు 5.6, ఐఎస్‌ఓ 200 అలాగే ఉంచి, ఆమె ముఖమే చట్రమంతా నిండేటట్లు దగ్గరకు వెళ్ళి వెలుగు కొలిచాము. మీటరు 125వ వంతు చాలునన్నది. ఆ మాటా పూర్తిగా వినరాదు. వింటే ఆమె ఛాయ పాలిపోయి బూడిదరంగుకు వస్తుంది. ఒక మెట్టు తగ్గించి 250 వద్ద నిలిపాము. మునుపటికి నాలుగింతల వెలుగు! ఇసుక వెలవెలబోయింది, ఆవలి గట్టు దాదాపు మాయమైంది. పోనిమ్మనుకున్నాము.

భద్రాచలంలో అచ్చు వేయించి తెచ్చిన పటాన్ని ఆమె గుమ్మం వెలుతురులో పట్టి చూచింది. పచ్చబొట్టు చుక్కలను ఒక్కొక్కటిగా వేలితో తడిమి, భర్తతో కోయభాషలో ఏదో అన్నది. ఆయన బదులు పలుకలేదు. పటాన్ని తువ్వాలులో చుట్టి లోపలికి తీసుకుపోయాడు.