మిత్రులు దాచిన బొమ్మలు

మాఘమాసపు మంచు తెర ఇంకా తొలగలేదు. అమలాపురం బస్సు ప్రాంగణంలో నలుగురు మిత్రులు రాజమహేంద్రవరం వెళ్లే తొలి బస్సు కోసం నిరీక్షిస్తున్నారు. నలుగురూ ఒకే జూనియర్ కళాశాలలో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నవారు. ఒకడు కొబ్బరితోట గల రైతు కుమారుడు. మరొకడు ఉపాధ్యాయుని బిడ్డ. మూడవవాని తండ్రి గోదావరిపై లాంచీ నడిపే సరంగు. నాల్గవవాడు బండారులంకలోని ఒక చేనేత కుటుంబానికి చెందినవాడు. చేతికి ఏ కాగితం దొరికినా దానిమీద బొమ్మ వేయక ఊరుకోలేడు. అందుచేత మిత్రులు అతనికి 'బొమ్మలవాడు' అని పేరు పెట్టారు. కొంతకాలానికి అధ్యాపకులు సైతం ఆ పేరుతోనే పిలవసాగారు.

ఈ ప్రయాణానికి కారణం తెలుగు అధ్యాపకులు ఒకనాడు తరగతిలో అన్న మాట. “పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లు మనం దూరదేశాల చిత్రశాలల పేర్లు వల్లిస్తాము. రెండు గంటలు బస్సులో కూర్చుంటే చేరగల దామెర్ల రామారావు చిత్రశాలను మీలో ఎందరు చూశారు?” అని వారు అడిగినప్పుడు ఒక్క చేయి కూడా పైకి లేవలేదు. ఆ సాయంత్రమే నలుగురూ కలిసి వెళ్లాలని నిశ్చయించుకున్నారు. వార్షిక పరీక్షలకు నెలరోజుల గడువు మాత్రమే ఉన్నా, దొరికిన ఒక్క సెలవుదినాన్ని ఇందుకు కేటాయించారు.

బొమ్మలవాని మనసులో మరొక మాట ఉంది. దానిని మిత్రులకు చెప్పాలని పలుమార్లు నోటిదాకా తెచ్చుకొని, చెప్పలేక మింగివేశాడు.

బస్సు రావులపాలెం దాటి గౌతమి మీది వంతెన ఎక్కేసరికి సూర్యుడు నీటిపై మెరుస్తున్నాడు. కడియపులంక సమీపించగానే దారికి ఇరువైపులా పూలతోటలు బారులు తీరాయి. బంతులు, చామంతులు, గులాబీలు వేర్వేరు మడులలో రంగుల దుప్పట్లు పరచినట్లున్నాయి. సరంగు కొడుకు కిటికీలోనుండి చేయి చాపి, “నీకు ఇన్ని రంగులు ఎవరిస్తార్రా?” అన్నాడు. బొమ్మలవాడు నవ్వి, ఒడిలోని చిన్న పుస్తకంలో పెన్సిలుతో ఏదో గీసుకొన్నాడు.

రాజమహేంద్రవరంలో పెసరట్టు, ఉప్మా తిని, గోదావరి గట్టుకు సమీపంలో ఉన్న చిత్రశాలకు చేరుకొన్నారు. ఉపాధ్యాయుని కుమారుడు గ్రంథాలయంలో చదివి రాసుకొన్న విషయాలను మెల్లగా వినిపించసాగాడు.

దామెర్ల రామారావు 1897లో ఈ నగరంలోనే జన్మించారు. బాల్యంలోనే ఆయన చేతిలో గీత పలికేది. నాడు రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యులుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు స్వయంగా చిత్రకారుడు, రచయిత. శిష్యులలోని ప్రతిభను గుర్తించి పెంచడం ఆయన స్వభావం. నవలాకారుడిగా, చిత్రకారుడిగా ప్రసిద్ధి చెందిన అడివి బాపిరాజు, కవి కవికొండల వేంకటరావు ఆయన శిష్యులే. కూల్డ్రే ప్రోత్సాహంతో, తోడ్పాటుతో రామారావు 1916లో బొంబాయి వెళ్లి జె.జె. చిత్రకళాశాలలో చేరారు. విద్య ముగిశాక బొంబాయిలో నిలిచిపోక జన్మస్థలానికే తిరిగివచ్చి, 1923లో ఇక్కడ ఒక చిత్రకళాశాలను స్థాపించారు. రెండు సంవత్సరాలైనా గడవకముందే, 1925 ఫిబ్రవరిలో మశూచి ఆయనను బలిగొన్నది. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు ఇంకా నిండలేదు.

“ఇరవై ఎనిమిది కూడా లేవా?” అని రైతు కుమారుడు విస్మయంతో ఆగిపోయాడు. అతని అన్నయ్యకు ఇరవై తొమ్మిదేళ్లు.

ఆ నిశ్శబ్దంతోనే వారు చిత్రాల ముందు నిలిచారు. 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకరణ', 'నంది పూజ', 'ఋష్యశృంగ బంధనం' మొదలైన పేర్లు చదువుతూ ఒక్కొక్క అడుగూ ముందుకు వేశారు. ఋష్యశృంగుని కథ అందరూ ఎరిగినదే. స్త్రీముఖం ఎరుగని మునికుమారుని అడవినుండి రప్పించిన వృత్తాంతమది. కలకత్తా ప్రదర్శనలో బహుమతి పొందిన ఆ చిత్రం వారిని చాలాసేపు కదలనివ్వలేదు. ఆనాడు మన దేశంలో కొందరు పాశ్చాత్యుల తైలవర్ణ పద్ధతిని అనుసరించేవారు. మరికొందరు వంగదేశపు చిత్రకారుల మార్గంలో నడిచేవారు. రామారావు బొంబాయిలో ఆకృతిజ్ఞానాన్ని క్షుణ్ణంగా నేర్చినా, తన చిత్రాలలో ఆంధ్రుల రూపురేఖలను, ఆచారాలను నిలపాలని తపించారు.

“ఈ ఆడవాళ్లు మన ఊరి రేవులో కనిపించేవాళ్లలాగే ఉన్నారు” అని సరంగు కొడుకు గుసగుసలాడాడు. అతనికి చిత్రకళను గురించి ఏమీ తెలియదు. అయినా చిత్రకారుడు చెప్పదలచినది అతనికి చేరింది.

బొమ్మలవాడు మాత్రం వస్త్రాల మడతలను చూస్తున్నాడు. గుడ్డ శరీరం మీద ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ జారుతుందో మగ్గం నీడలో పెరిగినవానికి ఒకరు చెప్పనవసరం లేదు. అతని తండ్రి చీర అంచులకు కావలసిన పూల నమూనాలను గళ్ల కాగితం మీద కొడుకుచేతనే గీయించుకొనేవాడు. కొడుకు గీసిన పువ్వు పదిరోజులలో నూలుపువ్వై అంచు మీద విచ్చుకొనేది. అది ఆ ఇంట్లో ఒక చిన్న పండుగ. ఇటీవల తండ్రి చూపు మందగించింది. తెగిన పోగు కంటికి ఆనడం లేదు. రెండు మగ్గాలలో ఒకటి అప్పుడే మూగబోయింది.

పెద్ద చిత్రాలను దాటిన తరువాత పెన్సిలు రేఖాచిత్రాలు కనిపించాయి. అక్కడ బొమ్మలవాని కాళ్లు పాతుకొనిపోయాయి. వాటిలో రంగుల వైభవం లేదు. ఒక చేయి ఎదుట ఉన్నదానిని త్వరత్వరగా పట్టుకొన్న ఆనవాళ్లవి. అతని పుస్తకాలలోని బొమ్మలు కూడా అటువంటివే.

“పూర్తిచేసిన చిత్రాలనంటే ఎవరైనా దాస్తారు. ఈ కాగితాలను ఎవరు దాచారు?” అని అతడు అడిగాడు.

ఉపాధ్యాయుని కుమారుడు తన రాతప్రతి తిరగవేశాడు. రామారావుకు వరదా వెంకటరత్నం అనే ఆప్తమిత్రుడు ఉండేవారు. ఆయన కూడా చిత్రకారుడే. మిత్రుడు మరణించిన తరువాత చిత్రకళాశాల మూతపడకుండా ఆయన నడిపారు. రామారావు చిత్రాలు చెదిరిపోకుండా కాపాడారు. రామారావు భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టినవారే. ఆ ఆత్మీయుల శ్రద్ధ వల్లనే ఈ చిత్రశాల నిలిచింది. తరువాతి కాలంలో అది ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. రామారావును తీసుకొనిపోయిన మశూచి ప్రపంచమంతటా నిర్మూలమైనట్లు 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ వ్యాధి నేడు లేదు. ఆయన పెన్సిలు గీతలు మాత్రం ఉన్నాయి.

మధ్యాహ్నం గోదావరి మెట్లపై కూర్చొని, ఇంటినుండి తెచ్చుకొన్న పులిహోర అరటాకులలో పంచుకొన్నారు. ఎదుట పాత హేవలాక్ వంతెన నీటిపై నీడలు పరచింది. రామారావు పుట్టిన 1897లోనే ఆ వంతెన నిర్మాణం మొదలైందని, 1900లో రైళ్లు నడిచాయని, 1997లో వాటిని ఆపివేశారని సరంగు కొడుకు చెప్పాడు. నది మీది కట్టడాల సంగతులు అతనికి తండ్రి నోటివెంట వచ్చిన చదువు.

రైతు కుమారుడు యథాలాపంగా, “నీ పాత బొమ్మల పుస్తకాలన్నీ ఎక్కడున్నాయిరా?” అని అడిగాడు.

బొమ్మలవాడు నీటివంక చూస్తూ, “పాత కాగితాలు కొనేవాడు వస్తే వేసేయమని అమ్మతో చెప్పాను” అన్నాడు. ముగ్గురూ అతనివైపు తిరిగారు. ఇక దాచడం అతని వల్ల కాలేదు. “పరీక్షలు అయిన మరునాడే హైదరాబాదు వెళ్తున్నాను. మా మామయ్య బట్టల దుకాణంలో పని చూశాడు. రెండో మగ్గం కూడా తీసేసి ఆ గది అద్దెకిస్తామంటున్నారు నాన్న. ఇక పుస్తకాలకు చోటెక్కడిది?”

“ఇంతవరకు మాతో ఒక్క మాటైనా చెప్పలేదేం?” అని సరంగు కొడుకు కోపగించాడు.

“చెప్పి ఉంటే ఈ రోజు ఇలా గడిచేదా?”

ఆ ప్రశ్నకు ఎవరూ బదులు చెప్పలేకపోయారు. కొంతసేపటికి ఉపాధ్యాయుని కుమారుడు, “అక్కడ కూడా తీరిక వేళల్లో గీయవచ్చు కదా” అన్నాడు.

“పగలంతా నిలబడి చీరలు విప్పి చూపించినవాడికి రాత్రి పెన్సిలు పట్టే ఓపిక ఉంటుందో లేదో, వెళ్తేగాని తెలియదు” అని బొమ్మలవాడు శాంతంగా చెప్పాడు. ఆ మాటలో నిష్ఠురం లేదు. ఇంటి పరిస్థితి తెలిసిన కొడుకు మాట అది.

రైతు కుమారుడు ఆకు మడిచి లేచాడు. “నిన్ను ఆపే శక్తి మాకు లేదురా. ఆ పుస్తకాలు మాత్రం అమ్మవద్దు. మా ఇంట్లో అటక ఉంది, చెదపట్టని టేకుపెట్టె ఉంది.”

“నేనేమన్నా రామారావునా?”

“కాకపోతేనేం? వాటిలో మేమున్నాం. లెక్కల తరగతిలో నిద్రపోతున్న వీడున్నాడు. మా నాన్న ఉన్నాడు, మా ఎద్దులున్నాయి. నీకు అక్కరలేకపోతే పోనీ. మాకు కావాలి.”

బొమ్మలవాడు తల వంచుకొన్నాడు. కాసేపటికి పెన్సిలు తీసి, మెట్లమీద కూర్చున్న ముగ్గురినీ వెనుక వంతెనతో సహా చిన్న పుస్తకంలో గీశాడు. కదలవద్దని వారికి చెప్పవలసిన అవసరం కలగలేదు.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. రావులపాలెం దగ్గర అతడు ఆ పుస్తకాన్ని రైతు కుమారుని చేతిలో పెట్టాడు. మరుక్షణమే వెనక్కు తీసుకొని, బస్సులోని మసక వెలుతురులో బొమ్మ కింద ఊరిపేరు, తేదీ రాసి మళ్లీ ఇచ్చాడు.

మరుసటి ఆదివారం రైతు కుమారుడు సైకిలుపై బండారులంక వెళ్లాడు. బొమ్మలవాని తల్లి పదకొండు పుస్తకాలను ఒక పాత చీరముక్కలో మూటగట్టి సిద్ధంగా ఉంచింది. “జాగ్రత్త బాబూ, వానకు తడవనీయకు” అన్నది. మగ్గం ముందు కూర్చున్న తండ్రి ఏమీ మాట్లాడలేదు. లేచి వచ్చి, మూట ముడిని చేతితో తడిమి చూసి, మరింత బిగించి కట్టాడు. ఆ చీరముక్క అంచు మీద వరుసగా పూలున్నాయి. అవి మూడేళ్ల క్రితం కొడుకు గళ్ల కాగితం మీద గీసిన పూలు.