అందని నట్టు

మాది హోసూరు దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడు మా బావి మీద డీజిలు ఇంజను ఉండేది. టమాటా నారు నాటిన రెండో రోజు ఇంజను పొగగొట్టం మొదట్లో ఒక నట్టు వదులై, సందులోంచి పొగ చిమ్మసాగింది. ఇంజను ఆపి, చల్లారేదాకా కాచుకున్నాము.

ఆ నట్టు సిలిండరుకూ గొట్టానికీ నడుమ ఉంది. రింగు స్పానరు దూరలేదు. నోరు తెరిచిన మామూలు స్పానరు పట్టింది గాని, కొంచెం తిప్పగానే పిడి గొట్టానికి తగిలి ఆగిపోయింది. నాకు విసుగు పుట్టింది. పిడికి ఇనుప పైపు తొడిగి బలంగా లాగాను. స్పానరు జారి నా వేళ్ళు చీరుకుపోయాయి.

"బలం చూపకురా! చేతికి చోటెంతుందో చూడు. ఇంకొంచెం లాగి ఉంటే బోల్టే తెగేది" అన్నాడు నాయన.

ఆయన స్పానరును కొంచెం తిప్పి, బయటికి తీసి, బోర్లించి మళ్ళీ పెట్టాడు. అది వెంటనే పట్టింది! అలా తిప్పుతూ, బోర్లిస్తూ నట్టును బిగించాడు.

ఆ కిటుకు నాకు తరువాత తెలిసింది. నట్టుకు ఆరు ముఖాలు. ఒకే పక్కగా పెడితే ప్రతిసారీ 60 డిగ్రీలు తిప్పాలి. కాని అలాంటి స్పానరు తల సాధారణంగా పిడికి 15 డిగ్రీలు వాలి ఉంటుంది. అందుచేత బోర్లిస్తే 30 డిగ్రీలు తిరిగినా చాలు.

సాయంత్రానికి మడికి నీళ్ళు పారాయి. నాయన బడికి వెళ్ళినవాడు కాడు. ఆ లెక్క మాత్రం ఆయన చేతికి తెలుసు.