పచ్చడి సీసా మీద ఎవరి పేరు?

మొన్న డిజైన్ కోర్సు చదువుతున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, క్లయింట్ ప్రాజెక్టు ఇచ్చారు. ఐదుగురం టీమ్. నాకు మళ్లీ ప్రెస్ పనే తగిలించారు" అన్నాడు. ఆ "మళ్లీ" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అతనికి ఫోన్లో చెప్పింది కొంచెమే. మిగతాది ఇక్కడ రాస్తున్నా. మీలో చాలామందికి పనికొస్తుందని.

2013. హైదరాబాద్‌లో అప్లైడ్ ఆర్ట్ మూడో సంవత్సరం. అప్పటిదాకా మాకిచ్చినవన్నీ ఉత్తుత్తి ప్రాజెక్టులే. లేని కంపెనీకి లోగో, లేని సినిమాకి పోస్టర్. ఆ ఏడాది మాత్రం మా సార్ నిజం క్లయింట్‌ని పట్టుకొచ్చారు. పచ్చళ్లు చేసి అమ్మే ఒక కుటుంబం. ఆవకాయ, గోంగూర, పండుమిరప, మూడు సీసాలకి లేబుళ్లు కావాలి. ఒక్కోటి ఐదు వేలు అచ్చు వేస్తారు. "మార్కుల కోసం కాదు, ఇది షాపులో కూర్చుంటుంది" అన్నారు సార్. మాకు ఒళ్లు పులకరించింది.

టీమ్‌లో ఐదుగురం. లీడర్ కుర్రాడి నాన్నకి సొంత యాడ్ ఏజెన్సీ. ఒకతను బొమ్మలు బాగా వేస్తాడు. ఒకమ్మాయి లేఅవుట్. ఇంకొకతను ఇంగ్లీషులో చక్కగా రాస్తాడు, మాట్లాడతాడు. నాకు లాప్‌టాప్ లేదు. "నువ్వు ప్రొడక్షన్ చూసుకోరా" అన్నారు. ప్రొడక్షన్ అంటే ప్రెస్ చుట్టూ తిరగడం, పేపర్ శాంపిళ్లు తేవడం, డమ్మీలు కత్తిరించి సీసాలకి అంటించడం, మౌంట్ బోర్డులు బస్సులో మోసుకురావడం.

ఎవరూ తిట్టలేదు. ఎవరూ కులం అడగలేదు. అందరూ మంచోళ్లే. ఎవరికి ఏది ఉందో దాన్ని బట్టి పని పంచుకున్నాం, అంతే. మరి ఎవరికి ఏది ఉందో ఎక్కడ తేలింది? మేం కాలేజీ గేటు దాటకముందే తేలిపోయింది.

మొదటి క్లయింట్ మీటింగ్‌కి నలుగురే వెళ్లారు. "ఎక్కువమంది వెళ్తే బాగోదు కదరా" అన్నారు. ఎక్కువైన ఆ ఒక్కడిని నేనే.

నన్ను పంపిన చోటు చిక్కడపల్లి సందులో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్. అక్కడ మెషిన్ నడిపే పెద్దాయన్ని అందరూ మాస్టారు అనేవాళ్లు. చేతివేళ్ల గోళ్లలో ఎప్పుడూ సిరా. నేను రోజూ వెళ్లి నిలబడితే ఒకరోజు భూతద్దం నా చేతికిచ్చి "చూడు" అన్నాడు. మిరపకాయ ఎరుపు అనుకున్నది దగ్గరగా చూస్తే గులాబి చుక్కలు, పసుపు చుక్కలు. స్క్రీన్ మీద ఎరుపు వెలుగుతో పుడుతుంది, కాగితం మీద సిరాతో పుడుతుంది. అందుకే కంప్యూటర్లో మండిపోయే ఎరుపు అచ్చులో ఇటుకపొడి రంగుకి దిగిపోతుంది. నాలుగు రంగులకి నాలుగు ప్లేట్లు. అందులో ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. కాబట్టి పదార్థాల జాబితా లాంటి సన్న అక్షరాలు ఉత్త నలుపులోనే ఉండాలి. అంచు దాటి మూడు మిల్లీమీటర్లు రంగు అదనంగా పోవాలి, లేకపోతే కటింగ్‌లో తెల్లగీత మిగులుతుంది. ఇవన్నీ మా సిలబస్‌లో ఒక పేజీ. మాస్టారి దగ్గర ఒక జీవితం.

మా ఫైల్ తీసుకెళ్లిన రోజు అక్కడి కంప్యూటర్లో తెరిస్తే గుండె జారింది. మేం టైప్ చేసింది అను ఫాంట్లలో. వాళ్ల దగ్గరున్న వెర్షన్ వేరు. వత్తులన్నీ చెదిరిపోయాయి. "పచ్చడి" కాస్తా "పచడి" అయింది. ఆపరేటర్‌కి ఇది మామూలే, అలాగే ప్లేటుకి పంపబోతున్నాడు. ఆపి, మళ్లీ కాలేజీకొచ్చి, అక్షరాలన్నీ కర్వుల్లోకి మార్పించి తీసుకెళ్లాను. అప్పుడే లేబుల్ వెనకవైపు చూస్తే లైసెన్సు నంబరు పద్నాలుగంకెలకి చోటే లేదు. బ్యాచ్ నంబరుకి లేదు. శాకాహారం గుర్తుకి లేదు. ముందువైపు బొమ్మ అద్భుతంగా ఉంది. వెనకవైపు ఎవరిదీ కాదు కాబట్టి ఎవరూ చూడలేదు.

ఆ వెనకవైపు చూస్తూ ముందుకి తిప్పాను. అక్కడ పెద్ద అక్షరాల్లో ఉంది, "మడితో చేసిన పచ్చడి" అని. పక్కన తడిబట్ట కట్టుకుని, జాడీ ముందు కూర్చున్న ఒకావిడ బొమ్మ. మొదటి మీటింగ్‌లో క్లయింట్ మేడం అడిగారట. మావాళ్లకి భలే నచ్చిందట. శుభ్రతకి అంతకన్నా చిన్నమాట తెలుగులో ఏముంది అనుకున్నారట.

మాది గుంటూరు దగ్గర ఊరు. మా అమ్మ, మా పెద్దమ్మ, మా మాదిగపల్లెలో సగంమంది ఆడవాళ్లు మిర్చి సీజన్‌లో తొడిమలు తీసే పనికి వెళ్తారు. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. పొద్దుటి నుంచి ఆ ఘాటులో కూర్చుని, కొంగు ముక్కుకి కట్టుకుని, ఒక్కో కాయ తొడిమ తుంచాలి. రాత్రి మా అమ్మ చేతులు మజ్జిగలో పెట్టుకుని కూర్చునేది. ఆ చేతులతో కళ్లు తుడుచుకోకూడదు. చిన్నప్పుడు నా మొహం కడగాల్సి వస్తే మా అక్కని పిలిచేది.

ఆ కారం ఈ సీసాలోకి వస్తుంది. సీసా మీద మడి అని ఉంటుంది. మడి అంటే శుభ్రత ఒక్కటే కాదు, ఎవరు ముట్టుకోకూడదో చెప్పే మాట అది. ఎవరు ముట్టుకోకూడదో వాళ్లు ముట్టుకోకుండా అందులో ఒక్క మిరపకాయ కూడా లేదు.

రెండో మీటింగ్‌కి నన్ను తీసుకెళ్లక తప్పలేదు, ప్రూఫులు నా చేతిలో ఉన్నాయి కాబట్టి. ఎరుపు గురించి, వత్తుల గురించి, లైసెన్సు నంబరు గురించి చెప్పాను. మేడం శ్రద్ధగా విన్నారు. తర్వాత నోరు తెరిచాను. "మేడం, ఆ మడి అన్న మాట..." అందరూ నావైపు చూశారు.

ఏం చెప్పానో తెలుసా? రూల్ చెప్పాను. ఆహార భద్రత చట్టం 2006లో వచ్చింది, లేబుల్ మీద తప్పుదారి పట్టించే మాట రాస్తే జరిమానా ఉంటుంది, కారం బయట కొంటున్నారు కదా, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఇబ్బంది అన్నాను. మేడం భయపడ్డారు. "అయితే తీసేద్దాం బాబూ" అన్నారు. బొమ్మ కూడా మారింది. ఆవిడ స్థానంలో ఉత్త జాడీ, మిరపకాయలు వచ్చాయి.

గెలిచాను కదా. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే మాత్రం గెలిచినట్టు లేదు. మా అమ్మ పేరు నా నోట రాలేదు. ఆమె చేతుల బదులు సెక్షన్లు చూపించాను. లేఅవుట్ చేసిన అమ్మాయి పక్కకొచ్చి కూర్చుని, "నీకు ఆ మాట ఎందుకు పడలేదో నాకు అర్థమైంది" అంది. ఇంకేం అనలేదు. ఆ టీమ్‌లో నేను ఒంటరిని కాదని మొదటిసారి ఆరోజే అనిపించింది.

1936లో లాహోర్ సభకి రాసిన ప్రసంగంలో కొన్ని భాగాలు నిర్వాహకులకి మింగుడుపడకపోతే బాబాసాహెబ్ కామా కూడా మార్చనన్నారు. సభ రద్దయింది. సొంత ఖర్చుతో 1500 ప్రతులు అచ్చు వేయించారు. అదే "కుల నిర్మూలన". కులం పనిని పంచడంతో ఆగదని, పనిచేసేవాళ్లనే విడదీసి మెట్లుగా పేర్చుతుందని ఆయన వాదించింది అందులోనే. అది నేను చదివింది ఆ ప్రాజెక్టు అయిపోయాక. చదువుతుంటే మా ఐదుగురి టీమ్ కళ్లముందు కనపడింది.

జ్యూరీ రోజు బోర్డు మీద నలుగురి పేర్లు పెద్దగా ఉన్నాయి. కింద సన్నగా "ప్రొడక్షన్ సహాయం" అని నా పేరు. బయట నుంచి వచ్చిన జ్యూరీ ఆయన లేబుల్ చేతిలోకి తీసుకుని "ఈ ఎరుపు ఎలా పట్టారు?" అని అడిగారు. లీడర్ నావైపు చూశాడు. నేను చెప్పాను, మాస్టారి దగ్గర నేర్చుకున్నదంతా. మార్కులు ఐదుగురికీ సమానంగానే వచ్చాయి. బోర్డు మాత్రం అలాగే ఉంది. దాని ఫొటో నలుగురి పోర్ట్‌ఫోలియోల్లోకీ వెళ్లింది. దాంతో వాళ్లకి ఇంటర్న్‌షిప్‌లు వచ్చాయి. నేను మాత్రం ఆ ఫొటో ఎవరికీ చూపించలేకపోయాను. సహాయకుడిని అని నేనే చూపించుకోవడం ఎలా?

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం నాకు సుఖంగా ఉంటుంది. కానీ ఇంకోటి ఉంది.

కొన్నేళ్ల తర్వాత ఏప్రిల్ 14కి విద్యార్థులతో కలిసి ఒక చిన్న సంచిక వేశాం. నేనే పెద్దన్నని. ప్రెస్‌తో బేరం, చందాలు, ముఖచిత్రం అన్నీ నేనే. ఒక చెల్లెలు వ్యాసాలన్నీ టైప్ చేసింది, మూడుసార్లు ప్రూఫులు దిద్దింది, రాత్రి రెండింటి దాకా కూర్చుంది. సంచిక వచ్చాక ఆమె పేజీలు తిప్పితిప్పి చూసి, "అన్నా, నా పేరు ఎక్కడ?" అంది. సంపాదక వర్గంలో ఆరుగురి పేర్లున్నాయి. అందరూ మగవాళ్లమే. "టైపింగే కదమ్మా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ప్రొడక్షన్ సహాయం" అని రాసినవాడి గొంతే అది. ఈసారి నా నోట్లో ఉంది.

అందుకే తమ్ముడూ, చెల్లీ, టీమ్ పని అంటే సర్దుకుపోవడం అని ఎవరన్నా చెబితే నమ్మకండి. మొదటిరోజే ఎవరు ఏం చేస్తారో కాగితం మీద రాయండి. సగం దారిలో పనులు మార్చుకోండి. ప్రెస్ వాడు క్లయింట్ దగ్గరికి వెళ్లాలి, క్లయింట్‌తో మాట్లాడినవాడు మౌంట్ బోర్డు మొయ్యాలి. క్లయింట్ ఒప్పుకున్నది రాతలో తీసుకోండి. ఫైల్ ప్లేటుకి వెళ్లేముందు ఐదుగురూ వెనకవైపు కూడా చదవండి. పేర్లు ఏ వరసలో ఉండాలో పని మొదలుపెట్టకముందే తేల్చుకోండి. అయిపోయాక అడిగితే అలిగినట్టు ఉంటుంది. ముందే అడిగితే అది పద్ధతి.

ప్రెస్ పని నీకిచ్చారా? చెయ్యి. బాగా నేర్చుకో, అది చిన్న పని కాదు. కానీ "మళ్లీ" ఎందుకిచ్చారో అడుగు. నాలా రూల్ వెనక దాక్కోకుండా అడుగు.

ఆ చెల్లెలి పేరుతో ఒక చీటీ అచ్చు వేయించి, మిగిలిన ప్రతులన్నింటిలో నా చేత్తో అంటించాను. అమ్ముడైపోయిన వాటిలో లేదు. ఆ బాకీ అలాగే ఉంది.

జై భీమ్.