లెన్స్ దొరికే పెట్టె

సీడీ ప్లేయర్‌లో మొదట పోయేది లెన్స్. మెకానిక్కుల నోట అది లెన్స్ అయినా, లేజరు, తిరిగొచ్చే వెలుగును పట్టే డయోడ్లు, చిన్న కటకాన్ని పైకీ కిందికీ ఆడించే సన్నటి తీగచుట్టలు అన్నీ కలిసిన ముక్క అది. 2003లో పదకొండు వేలు పెట్టి కొన్న నా ప్లేయర్‌కి 2016లో అదే పోయింది. ఆ ముక్క ఇక రాదని సర్వీస్ సెంటర్ వాళ్లు తేల్చేశారు. పదమూడేళ్లు పాడింది కనుక ఏడాదికి ఎనిమిదొందల యాభై కూడా పడలేదు. ఆ లెక్కలో నాకు బాధేమీ లేదు. బాధల్లా అల్మారాలో ఉన్న రెండొందల పైచిలుకు సీడీల గురించే. ఇళయరాజా, బాలమురళి, ఘంటసాల పద్యాలు, మళ్లీ అచ్చులోకి రాని కొన్ని కచేరీలు. వాటి మీద పెట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు. ఇప్పుడు ఇంకెంత పెడితే అవి మళ్లీ పాడతాయన్నదే ప్రశ్న.

హైఫై షాపులో అడిగితే ట్రాన్స్‌పోర్ట్ కొనమన్నారు. ట్రాన్స్‌పోర్ట్ అంటే డిస్కును చదివి, అందులోని అంకెల్ని అలాగే బయటికి పంపే పెట్టె. సంగీతంగా మార్చే పని దానిది కాదు, పక్కన పెట్టుకునే డాక్‌ది. నేను అడిగిన చోటల్లా యాభై వేలకు తక్కువ చెప్పలేదు. “ట్రాన్స్‌పోర్ట్ మంచిది కాకపోతే డాక్ ఎంత పెట్టి కొన్నా దండగే సార్” అన్నాడు కౌంటర్లో కుర్రాడు. పన్నెండు నెలల ఈఎంఐ కాగితం కూడా ముందుకు తోశాడు. యాభై వేలు బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే ఏడాదికి 3,500 వస్తుంది. అంటే ఆ పెట్టె ఇంట్లో ఊరికే కూర్చున్నా నాకు నెలకు దగ్గర దగ్గర మూడొందల ఖర్చు. అంత ఖర్చుకు తగ్గట్టు అది చేసే పనేమిటో చూద్దామనుకున్నాను.

సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు, రెండు చానెళ్లకూ. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. 1980ల మొదట్లో ఇది గొప్ప వేగం. ఇప్పుడు ఏ పెట్టెకైనా మంచినీళ్ల ప్రాయం. పైగా చిన్న గీతలు పడినా నష్టాన్ని సరిచేసుకునేలా సోనీ, ఫిలిప్స్ ఇంజినీర్లు సమాచారాన్ని ముక్కలు చేసి, ట్రాకు పొడుగునా చెదరగొట్టి రాసే పద్ధతి పెట్టారు. రెండున్నర మిల్లీమీటర్ల ట్రాకు పూర్తిగా పోయినా ప్లేయర్ అసలు అంకెలు తిరిగి పుట్టించుకోగలదు. కాబట్టి శుభ్రమైన డిస్కును చవక పెట్టె చదివినా ఖరీదైన పెట్టె చదివినా వచ్చేవి అవే అంకెలు.

ఖరీదైన పెట్టెల తరఫు వాదం అంకెల గురించి కాదు, అవి వచ్చే తాళం గురించి. ట్రాన్స్‌పోర్ట్ నుంచి డాక్‌కి వెళ్లే తీగలో అంకెలతో పాటే గడియారం కూడా ప్రయాణిస్తుంది. ఆ గడియారం వణికితే శబ్దం చెడుతుందంటారు. సిద్ధాంతంగా నిజమే. కానీ ఇప్పటి డాక్‌లు ఆ వణుకును చాలావరకు లోపలే వడపోసుకుంటాయి. తర్వాత ఇంట్లో, ఒక మిత్రుడి ఖరీదైన ప్లేయర్‌నీ నేను చివరికి కొన్న చవక పెట్టెనీ ఒకే డాక్‌కి తగిలించి, మా అబ్బాయి నాకు కనబడకుండా మార్చి మార్చి పెట్టాడు. ఏది ఏదో నేను చెప్పలేకపోయాను. అరవైకి దగ్గర పడుతున్న చెవులు అని వాడు ఎకసెక్కం చేశాడు. చేయనీ. ఆ పాటలు వినాల్సింది ఈ చెవులే.

ఏ పెట్టె చదివినా అంకెలు అవే కనుక, చవకలో దొరికే డీవీడీ ప్లేయర్ మీదికి మనసు పోయింది. సీడీకి 780 నానోమీటర్ల లేజరు కావాలి, డీవీడీకి 650. డీవీడీ ప్లేయర్లు పాత సీడీల్ని కూడా చదవాలి కనుక చాలావాటిలో రెండు లేజర్లూ ఒకే ముక్కలో పెట్టారు. ఆ ముక్కల్లో రెండు రకాలు లెక్కలేనన్ని బ్రాండ్ల పెట్టెల్లోకి వెళ్లాయి: సోనీ కేహెచ్ఎం-313, సాన్యో ఎస్ఎఫ్-హెచ్‌డీ62. కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాల కొట్టు ముందు నిలబడి డీవీడీ లెన్స్ అని అడిగితే బ్రాండ్ పేరు ఎవరూ అడగరు. “313నా, 62నా?” అంటారు. నా నిర్ణయం అక్కడే అయిపోయింది. పేరున్న కంపెనీ పెట్టెలో పేరులేని లెన్స్ కంటే, పేరులేని పెట్టెలో ఊరంతా దొరికే లెన్స్ మేలు. బండి కొనేటప్పుడు స్పేర్లు ఎక్కడ దొరుకుతాయని అడుగుతాం కదా, ఇదీ అంతే.

ఇక ఏ పెట్టె అన్నది. నాసిరకం డీవీడీ చిప్పులు కొన్ని, సినిమాల కోసం తయారైనవి కనుక, సీడీ పెట్టినా డిజిటల్ అవుట్‌లో 44.1ని 48 కిలోహెర్ట్జ్‌కి మార్చి పంపుతాయి. సినిమా ధ్వనికి 48 మామూలు లెక్క. సీడీ విషయంలో మాత్రం ప్రతి అంకెనూ మళ్లీ లెక్కగట్టినట్టవుతుంది, అసలువి మిగలవు. దీన్ని పట్టుకోవడం తేలికే: ఎంత వేగంతో అంకెలు వస్తున్నాయో చూపించే డాక్ అయితే సీడీ ఆడుతున్నప్పుడు 44.1 కనబడాలి. మెనూలో “ఎల్‌పీసీఎం 48కె” అని ఉంటే మాత్రం భయపడక్కర్లేదు. అది సాధారణంగా 96 కిలోహెర్ట్జ్ డీవీడీల్ని తగ్గించి పంపడానికి పెట్టినది. ఈక్వలైజరు, వర్చువల్ సరౌండ్, కరోకే ప్రతిధ్వని లాంటి హంగులన్నీ ఆపేయాలి. కొన్ని పెట్టెల్లో రిమోట్ మీది వాల్యూమ్ డిజిటల్ అంకెల్ని కూడా కోసేస్తుంది, దాన్ని చివరిదాకా పెంచి మళ్లీ ముట్టుకోకూడదు.

ఇంకాస్త గట్టి పరీక్ష ఒకటుంది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. డీటీఎస్ శబ్దం నింపిన ఆడియో సీడీని పెట్టి, డిజిటల్ అవుట్‌ని హోమ్ థియేటర్ రిసీవర్‌కి తగిలించాలి. ఆ సీడీలోని అంకెలు మామూలు సంగీతం వేషంలో ఉన్న సంకేత భాష. దారిలో ఎవరైనా వేలు పెడితే రిసీవర్‌కి అర్థం కాదు, బరబరమనే మోత తప్ప ఏమీ రాదు. ఎవరూ వేలు పెట్టకపోతే డీటీఎస్ దీపం వెలుగుతుంది. లక్ష రూపాయల ట్రాన్స్‌పోర్ట్ అయినా అంకెల విషయంలో ఇంతకంటే నిజాయితీగా ఉండలేదు.

సెకండ్ హ్యాండ్ సరుకు కోసం ఎర్రగడ్డ ఆదివారం సంతకు వెళ్లాను. ముందు ప్యానెల్ మీద ట్రాకు నంబరు చూపించే డిస్‌ప్లే లేనివన్నీ పక్కన పెట్టాను. అది లేకపోతే మూడో కీర్తన వినడానికి కూడా టీవీ వేయాలి, కరెంటు దండగ, చిరాకు ఉచితం. బరువుకు మోసపోలేదు. కొన్నిటిలో పెట్టె అడుగున ఇనప రేకు బిగించి ఉంటుంది, దానికీ పాటకీ సంబంధం లేదు. అమ్మేవాళ్లు సినిమా డిస్కు వేసి చూపిస్తారు. అది చాలదు. డీవీడీ లేజరు బాగున్నా సీడీ లేజరు చచ్చిపోయి ఉండొచ్చు. అందుకని నా సీడీలే పట్టుకెళ్లాను. ఒకటి డెబ్బై నిమిషాలు దాటినది. సీడీ లోపలి అంచు నుంచి బయటికి చదువుతుంది కనుక అరిగిన యంత్రాలు తరచు చివరి ట్రాకుల దగ్గర తడబడతాయి. ఇంకొకటి ట్రాకుల మధ్య విరామం లేని కచేరీ. రాగం నుంచి పల్లవిలోకి వెళ్లేచోట టక్కున ఆగి మొదలుపెట్టే పెట్టె నాకొద్దు. ఈ రెండూ దాటిన పెట్టెను ఎనిమిదొందలంటే బేరమాడి ఆరొందల యాభైకి తెచ్చుకున్నాను.

డాక్ కొత్తదే కొన్నాను, 4,200. ఈ ఖర్చు మొత్తం సీడీల పద్దులో రాయడం అన్యాయం. టీవీ, కంప్యూటరు శబ్దం కూడా ఇప్పుడు దాని గుండానే వస్తోంది. రేపు సీడీలు మానేసినా అది ఉంటుంది. డిజిటల్ కేబుల్ అంటూ షాపులో మూడు వేల తీగ చూపించారు. కోయాక్సియల్ డిజిటల్ అవుట్‌కి కావలసింది 75 ఓమ్‌ల తీగ. డీవీడీ ప్లేయర్లతో ఊరికే వచ్చే పసుపు పచ్చ పిన్ను వీడియో తీగ కూడా ఆ లెక్కకే చేసినది. మా ఇంట్లో సొరుగు నిండా ఉన్నాయి.

అన్నిటికంటే చవక దారి వేరే ఉందని నాకు తెలుసు. సీడీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేసి హార్డ్ డిస్కు నుంచి వినొచ్చు, ఖర్చు దాదాపు సున్నా. ఎక్కించాను కూడా, భద్రత కోసం. కానీ మా అమ్మ మధ్యాహ్నాలు తనంతట తాను డిస్కు పెట్టుకుని వింటుంది. ట్రే తెరవడం, నొక్కడం, అంతే. ఫోల్డర్లు, పాస్‌వర్డులు ఆవిడకు నేర్పించే ఓపిక నాకూ లేదు, నేర్చుకునే అవసరం ఆవిడకూ లేదు. ఈ సౌకర్యానికి ఆరొందల యాభై ఎక్కువ కాదు.

గుజరాతీ గల్లీలో రెండు లెన్సులు ముందే కొని పెట్టాను, ఆరొందలు. వెరసి 5,450. యాభై వేల్లో మిగిలిన దాంట్లో 22,000 స్పీకర్లకు పోయింది. వాటి తేడా మాత్రం మా అమ్మ కూడా గుర్తుపట్టింది. “ఘంటసాల గొంతు దగ్గరికొచ్చిందేమిట్రా?” అంది. మిగతాది ఎఫ్‌డీలో ఉంది.

ఈ లెక్క అందరికీ కుదరదు. ఎస్ఏసీడీలు పోగేసే వాళ్లకు అసలే కుదరదు. ఆ డిస్కులోని మేలిరకం పొర మామూలు డిజిటల్ అవుట్ గుండా బయటికి రానివ్వరు, సీడీ పొర ఒక్కటే వస్తుంది. కొత్తది కొనేవాళ్లు వెనక ప్యానెల్ చూసుకోవాలి, హెచ్‌డీఎంఐ తప్ప మరేమీ లేని పెట్టెలు ఉన్నాయి. ఇక ఇంట్లోనే లెన్స్ మార్చుకునే సాహసం చేసేవాళ్లు ఒకటి గమనించాలి. కొత్త లెన్స్ మీద స్టాటిక్ కరెంటు నుంచి లేజర్ని కాపాడటానికి ఒక చిన్న టంకం చుక్క పెట్టి పంపుతారు. తీగ తగిలించాక దాన్ని తీసేయాలి. తీయకపోతే కొత్త లెన్స్ కూడా చచ్చినట్టే పడుంటుంది, కొట్టువాడితో అనవసరంగా గొడవ పడాల్సి వస్తుంది.